చుక్కతో మొదలైన వరస

బ్ర్నో ఊళ్ళో, ట్రాము మలుపు తిరిగినప్పుడల్లా
కిటికీ అద్దాలు పళ్ళు కొరికే నాలుగో అంతస్తులో
ద్రాహోమీరా మాన్యువల్ పేజీలు దిద్దుతుంది.
ప్రాణం మీదికొస్తే తప్ప ఎవరూ తెరవని పేజీలు.

ఆ రాతకో కట్టుబాటుంది.
వరస మొదట్లో చుక్క పడితే అది మాట కాదు, ఆజ్ఞ.
ఇక్కడ శీర్షిక. ఇక్కడ పేరా.
ఇక్కణ్ణుంచి ఏడడుగులు లోపలికి జరుగు.
చెప్పాల్సింది చెప్పి చుక్క తప్పుకుంటుంది,
పెళ్ళి వంటవాడు పంక్తిలో కనబడనట్టు.

ముద్దక్షరం కావాలంటే వెనకటి యంత్రం
ఒకసారి కొట్టి, ఒకడుగు వెనక్కేసి
అదే చోట అదే అక్షరాన్ని మళ్ళీ కొట్టేదట.
"మా అమ్మ నన్ను పిలిచినట్టే" అంటుంది ద్రాహోమీరా,
లిండెన్ పూల టీ చల్లారబెట్టుకుంటూ.

మంగళవారం కింది అంతస్తు నుంచి ఫోను.
క్వెతోస్లావ్. బ్యాకప్‌లు చూసే మనిషి.
పుట్టుకతోనే చూపు లేదు.
అతని తెర నలభై గళ్ళ పట్టీ,
గడిగడికీ లేచి పడే చుక్కలు.

"మీ పేజీలో ఒక మెట్టు లేదు."
"ఏ మెట్టు?"
"'పని మధ్యలో ఆగిపోతే' అని ఉంది.
వెంటనే 'ఆ తర్వాతే మళ్ళీ మొదలుపెట్టండి' అని ఉంది.
దేని తర్వాత?"

తెర మీద చూశాం. అంతా నున్నగా ఉంది.
అంచులు సరి, ఖాళీలు సరి.
కళ్ళు గెంతేశాయి, నావీ, ఆమెవీ,
పదకొండేళ్ళుగా ఎందరివో.

మూలం తెరిచింది.
ఉంది. వరస అక్కడే ఉంది.
*.తాళం ఫైలు ఎవరిదో కనుక్కోండి, అడక్కుండా చెరపకండి.*
ఎవరో వరసలు సర్దుతూ ఒక్క మాట ముందు ఎంటర్ నొక్కారు.
ఫైలు పేరులోని చుక్క వచ్చి మొదట్లో పడింది.
ఆజ్ఞ కాబోలనుకుంది యంత్రం.
అలాంటి ఆజ్ఞ దానికి తెలియదు.
తెలియదని అడగలేదు, అరవలేదు,
మింగేసి కింది వరసకు పోయింది.

పోయిన నవంబరులో
ఆ ఫైలు చెరిపింది నేనే.
స్వ్రాత్కా నది నీటిమట్టాలు, మూడు వారాలవి,
తెల్లారేసరికి లేవు.
పేజీ చదివే చేశానన్నాను.
చదివినవాడెవడూ అలా చెయ్యడన్నారు.
నాకూ అలాగే అనిపించింది, ఆ చలికాలమంతా.

ద్రాహోమీరా నా మొహం చూడలేదు.
చుక్క ముందు ఒక గుర్తు పెట్టింది:
వెడల్పు లేని అక్షరం.
తెర మీద చోటడగదు, వేలికి తగలదు.
చుక్కకు ముందు నిలబడి
ఇది మాటే, పోనివ్వు, అంటుంది. అంతే దాని పని.

మళ్ళీ ఫోను.
"మెట్టు దొరికింది" అన్నాడు క్వెతోస్లావ్.
కాసేపాగి, "చివర్లో 'లోపాలు' అని ఒక భాగం ఉంది.
దాని కింద ఏమీ లేదు. నిజంగానే ఏమీ లేదా?"

ఆమె కీబోర్డు నా వైపు జరిపింది.