చిటికెన పుల్ల

టేబులు మీద పెట్టుకునేటందుకు
రెండు చిన్న స్పీకర్లు కావాలన్న.
హన్మకొండ చౌరస్తా దుకాణంల ఇమ్రోజ్
నన్ను పైనించి కిందికి చూసి
నా తెల్ల గడ్డానికి తగ్గ ధర ఒకటి లెక్కకట్టి
బీరువంత డబ్బాను ముందుకు జరిపిండు.
"అంకుల్, ఇది పెడితె కిటికీలు ఊగుతయి!"

కిటికీలు ఊగుడు నాకు కొత్త గాదు కొడుకా.
కాజీపేటల మా ఇంటెనుక
రాత్రి రెండింటికి బొగ్గు బండి పోతది,
గ్లాసుల నీళ్లు గుండ్రంగ వణుకుతయి.
ముప్పై ఒక్కేండ్లు లోకో షెడ్డుల
కంప్రెసర్ పక్కన నిలబడ్డోన్ని.
చప్పుడు మోసుడే నా నౌకరి.
ఇప్పుడు రిటైరైన. ఇగ వినాలె.

పరీక్షకు సామాను నేనే తెచ్చుకున్న, ఫోన్ల:
ఓదేలు డప్పు.
పోయిన కార్తీకంల పరకాల అవతల, వాళ్ల వాకిట్ల,
తోలు మంటకు కాపి కొడుతుంటె
నేనే రికార్డు చేసిన.
సిర్ర దెబ్బ అందరికీ వినబడ్తది,
దూరపు చేన్ల ఎద్దుకు సుత.
ఎడమ చేతిల సన్నపు చిటికెన పుల్ల ఉంటదే,
అది అంచు మీద
జొన్న పేలాలు వేగినట్టు చిటచిటమంటది.
అది వినబడితెనే స్పీకరు,
లేకుంటె డబ్బా.

పెద్దదాంట్ల సిర్ర ఒక్కటే వచ్చింది,
లారీ మీదికెల్లి వడ్ల బస్తాలు దించినట్టు.
రెండోది, నీలం లైటుది,
పలక మీద మేకు గీసినట్టు
నా పండ్లు పులిసినయి.
మూడోది జత. నల్లగ, మూల కొంచెం చెక్కుకుపోయి,
దుమ్ములో ఎవరిదో వేలిగీత.
ఒకదాని కడుపులనే మిషను ఉన్నది,
ఇంకోటి దాని తీగను
అమ్మ కొంగు తీర్గ పట్టుకొని నిలబడ్డది.

కొంచెమే పెట్టుమన్న. సగం కన్న తక్కువ.
ఓదేలు దగ్గిండు.
ఆ దినం దగ్గిండని నాకు తెల్వనే తెల్వదు.
మంటల కంప పటుక్కుమన్నది,
ఎవరో పొల్ల "నాయినా, చాయ్" అన్నది,
అప్పుడు లేచింది పుల్ల,
కాని ఎడమ పక్కనే.

"కుడిది ఖరాబున్నది" అన్న.
ఇమ్రోజ్ ఎడమదాన్ని కుడికి పెట్టిండు, కుడిదాన్ని ఎడమకు.
అప్పుడు సుత కుడిది మూగదే.
కొత్త జత విప్పిండు. అట్లనే.
పోరడు ఇంకేం మాట్లాడలె.
మెల్లగ నా భుజాలు పట్టి
స్టూలు తోటి నన్ను గోడ దిక్కు తిప్పిండు.

నా వీపెనుక, ఇంతసేపు మూగదన్న దిక్కు,
పేలాలు పగిలినయి.

కంప్రెసర్ ఎప్పుడూ నాకు కుడిపక్కనే ఉండె.

ఆరువేల నాలుగొందలు. వంద తగ్గించిండు.
ఎందుకు తగ్గించిండో నేను అడగలె.

స్వరూప కుట్టు మిషను బల్ల ఖాళీ చేసిచ్చింది,
"సూదుల డబ్బా మాత్రం జరుపొద్దు" అన్నది.
గోడకు జానెడు ఎడం, నడుమ రెండు మూరలు.
చెవుల ఎత్తుకు రావాలని
ఒక్కోదాని కింద పాత రైల్వే టైంటేబులు పుస్తకం,
వణుకు దిగొద్దని
హవాయి చెప్పులు కోసి నాలుగు నాలుగు ముక్కలు.
ఓదేలుకు ఫోన్ చేసిన:
"దరువు మొదలువెట్టక ముందు దగ్గినవురా."
"డప్పు ఎట్లున్నదో చెప్పరా అంటె
దగ్గు ముచ్చట జెప్తవేంది" అన్నడు.

ఎట్లున్నదో చెప్పాలంటె టైం పడ్తది.
ఒక్కో దరువు రెండుసార్లు వింటున్న,
ఒకపారి ముఖం పెట్టి,
ఒకపారి వీపు పెట్టి.
నడుమ కుర్చీ తిరిగేటప్పుడు కిర్రుమంటది.
దానికి సుక్క నూనె పొయ్యాలె.