ఏడాదికి పదకొండు దినాలు

రెండు లక్షల డెబ్బై వేలు తేడా.
నల్లగొండ షోరూంల, ఏసీ కింద,
ఆ పిలగాడు కాగితం మీద అంకె రాసి
దాని సుట్టు రెండుసార్లు గీత తిప్పి
"మేడమ్, మీకు ముందు చక్రాలదే సాలు" అన్నడు.
"ఫోర్ వీలంటె కొండలెక్కెటోళ్లకు."
నేనేం పని చేస్తనో అడగలే.

శ్రీశైలానికి హైవే కావాలె.
నార్కట్‌పల్లి చౌరస్తా దాటంగనే
ఆయన కుడికాలుకు ఇంటర్ చదివే వయసొస్తది.
బరువు తక్కువుంటె బండి చెప్పినట్టు వింటదంట,
ఎనుక ఇరుసుకు ఉత్తగనే అన్నం వెట్టుడు ఎందుకంట.
బిడ్డ రుత్వికకు ఎరుపు కావాలె,
డిక్కీ మీద చిన్న రెక్క కావాలె.
నాకు
మొన్న ఆషాఢంల పోయిన బర్రె యాదికొస్తది.

దేవరకొండల పశువుల డాక్టర్ను.
డిక్కీల కాల్షియం సీసాలు, నూలుతాళ్లు,
భుజం దాంక వచ్చే గ్లౌజులు,
వాటి మీద బిడ్డ స్కూలు బ్యాగు.

మెకానిక్ జాన్‌పాషాను అడిగిన.
పానా కింద వెట్టి, చేతులు బట్టకు రాసి,
"ఎడ్లబండి సూసినవు గద మేడమ్,
చక్రం ఎన్నడన్న తనంతల తాను తిరిగిందా?
ముందట ఎడ్లు గుంజినయ్, ఎనుక అది ఉరికింది.
మన తాతలందరియి ఫ్రంట్ వీలే."
నవ్విండు. నవ్వుడు ఆపిండు.
"గని రేగట్ల దిగబడ్డప్పుడు
మనుషులు దిగి, ఆకులు వట్టుకోని
చక్రాన్నే తిప్పుతుండిరి."

డైరీ తీసి లెక్కవెట్టిన.
పోయినేడు దిగబడ్డ దినాలు పదకొండు.
శ్రీశైలం ఫోన్ల భాగారం చేసిండు:
ఐదేండ్లకు యాభై ఐదు.
ఒక్కొక్క బురదకు నాలుగు వేల తొమ్మిది వందలు.
"గా పైసలకు ట్రాక్టర్ను పిలువచ్చు,
డ్రైవర్‌కు దావతు గూడ ఇయ్యొచ్చు."
డీజిలు ఇంకా కలుపలేదన్నడు.
లెక్కల తప్పు లేదు.

టెస్ట్ డ్రైవ్ నాడు పొద్దుగాల్ల వాన వడ్డది.
పానగల్లు దాటినంక రోడ్డిడిచి
కాలువ కట్ట మీదికి తిప్పిన.
"మేడమ్, మేడమ్" అన్నడు పిలగాడు.
రెండు వందల గజాలు పోయింది.
ముందు చక్రాలు అక్కడ్నే బొంద తవ్వుకున్నయ్,
ఎనుకవి రెండు సుట్టాల్లెక్క సూసుకుంట కూసున్నయ్.

పత్తి చేన్లకెల్లి నలుగురు ఆడోళ్లొచ్చిండ్రు,
కొంగులు నడుముకు చెక్కుకోని.
"గింత మెరుస్తది, గింత తావు దాటదా?" అన్నదొకామె.
నూకిండ్రు. బండి లేచింది.
ఎగిరిన బురదంత
పక్కన నిలవడ్డ పిలగాని తెల్లంగి మీద.
తుడుసుకుంటనే అన్నడు:
"సూసిండ్రా మేడమ్, ముందు చక్రాలతోనే వచ్చేసింది."

పగటిపూట నలుగురు దొరుకుతరు.

ఆ రాత్రి ఒంటిగంటకు,
చందంపేట దాటినంక, తండా ఇంకా కిలోమీటరున్నరుండంగ,
చక్రం తిరిగిన కాడ్నే తిరిగింది.
ఫోన్ లైటేసుకోని, సంచి నెత్తిన వెట్టుకోని నడిసిన.
లోపట దూడ అడ్డం తిరిగింది,
అది సదురుడు నాకు పది నిమిషాల పని.
నేను వొయ్యేసరికి
కేస్లీబాయి బర్రె మీద గోనెసంచి కప్పింది.
ఎందుకు ఆలిస్యమైందని అడగలే.
నా కాళ్ల బురద సూసి,
బిందెడు నీళ్లు దెచ్చి పోసింది.

ఇది లెక్కల యాడ ఎయ్యాల్నో తెలువక
శ్రీశైలానికి గిట్లనే చెప్పిన.
ఆయన సప్పుడు చెయ్యలే.
రాత్రి అన్నం తిన్నంక, ఫోన్ల ఏందో ఎతుక్కుంట,
నా దిక్కు సూడకుంటనే అడిగిండు:
"ఫోర్ వీల్ల ఎరుపొస్తదా?"

వస్తది.
రెక్క రాదు.
పొద్దుగాల బిడ్డకు ఎవరు చెప్పాలె అన్నదే
ఇంకా తెగలేదు.