ఇరవైమూడో ప్రశ్న

చిత్తూరు కంటాసుపత్రి వాళ్ళు నాకిచ్చింది
ఒక అట్ట, రెండు పెన్నులు, ఒక స్టాంపు ప్యాడు,
ముప్పై ప్రశ్నల కాగితాలు ఒక కట్ట.
శుక్లాలొచ్చిన మనిషి బతుకు ఎంత బాగుందో
ఆపరేషనుకు ముందొకసారి, తర్వాతొకసారి
నూటికి ఇంతని రాసుకు రావాలి.

ఇరాల బస్సు దిగి చెరుకుతోటల్లో నడిస్తే
పొగ ముందు కనిపిస్తుంది,
మొగిలప్ప తర్వాత.

కాగితం మీది తెలుగు ఎవరి నోటా పలికేది కాదు:
దృష్టిలోపము వలన మెట్లు దిగుటయందు
మీకు ఇబ్బంది కలుగుచున్నదా?
మార్చి అడిగాను.
"పెద్దాయనా, గట్టు దిగేటప్పుడు కాలు తడబడతా ఉందా?"
"ఓ మాదిరి."
"దూరంగా వచ్చే మనిషి పోలిక తెలస్తా ఉందా?"
"అరిస్తే తెలస్తాది."
అరిస్తే అనే గడి లేదు.
'చాలా ఇబ్బంది'లో టిక్కు పెట్టాను.
"రాత్రిపూట?"
"రాత్రిపూట ఎవురికి కనపడతాది పాపా?"

మధ్యలో లేచి కొప్పెర దగ్గరికి పోయాడు.
బెండ జిగురుకు తేలిన మడ్డి తీసేశారు,
నురగ కుతకుతమంటా ఉంది.
ఆవిరిలోకి ముఖం పెట్టి నిలబడ్డాడు.
వెనక ఎక్కడో కుప్పమ్మ దగ్గింది.
పొగ కదా అనుకున్నాను.
"దించండి!" అని అరిచాడు మొగిలప్ప.

ఇరవైమూడు: ఇతరులపై ఆధారపడుచున్నట్లు భావించుచున్నారా?
నవ్వితే నోట్లో బీడీ కిందపడింది.
"నేనా? నలభై ఏండ్లుగా ఈ కొప్పెర నా మాట మిందనే దిగతాది.
అస్సలు లేదని రాయి."
రాశాను.

సాక్షి వేలిముద్ర కుప్పమ్మది.
బొటనవేలు పట్టుకుని నేనే నొక్కించాను.
సిరా మచ్చ పడింది, గీతలు పడలేదు.
మళ్ళీ నొక్కించాను. మళ్ళీ.
"సరిగ్గా పెట్టమ్మా, కాగితాలు దండగ" అని కసిరాను.
ఆమె వేలు కొంగుకు తుడుచుకుని
పొయ్యిలోకి పిప్పి తోయడానికి పోయింది.
మొత్తం: నూటికి నలభైయొకటి.

మాఘమాసంలో రెండోసారి పోయాను.
గట్టు అవతలనించే కేక:
"ఊదారంగు చున్నీ పాపా, రా రా!"
గట్టు? ఇబ్బంది లేదు. పోలికలు? లేదు.
చీమ కాళ్ళు కూడా లెక్కబెడతానన్నాడు.
కొండమీద ఆకాశం ఇంత నీలమని మరిచేపోయినానన్నాడు.
నా పెన్ను పల్లానికి నీళ్ళలా జారుతూ
ఇరవైమూడు దగ్గర ఆగింది.

మొగిలప్ప గొంతు తగ్గించాడు.
"కట్టు ఇప్పి ఇంటికొచ్చిన దినం
సంగటి పెడతా ఉంటే ఆమె చెయ్యి చూసినా.
మూడు వేళ్ళ కొనలు మైనం మాదిరి నున్నగా ఉండాయి.
ఏందే ఇది అంటే
పాకం అనింది. అంతే.

రెండేండ్లు పాపా.
కాలే పాకం చిటికెడు తీసి, నీళ్ళల్లో ముంచీ ముంచక ముందే
ఉండ కట్టి చూసి
దగ్గేదంట.
ఆ దగ్గు నా చెవిన పడినాకనే నేను 'దించు' అనేదంట.
నాకు తెలీదు.
నా కన్నే అనుకున్నా.

చాలా ఎక్కువ అని రాయి."

"అది అప్పటి సంగతి కదా పెద్దాయనా, ఇప్పుడు..."
"అప్పుడు తెలిసిందా నాకు?
తెలిసింది ఇప్పుడు. ఇప్పుడే రాయి."

ఆసుపత్రిలో సారు కంప్యూటరు ముందు నన్ను పిలిచాడు.
అన్ని గీతలూ పైకి పోతున్నాయి,
ఒక్కటి దబ్బున కింద పడింది.
"చూపొచ్చినాక ఆధారపడటం పెరుగుతుందా?
గడి తప్పు కొట్టినట్టున్నావు, సరిచూడు."

సరిచూడ్డానికి పాత కాగితం తీశాను.
అడుగున, సాక్షి అనే చోట,
మూడు నీలం మచ్చలు, పక్కపక్కన.
ఒక్కదాంట్లోనూ ఒక్క గీత లేదు.
పక్కన నా చేతిరాతే:
'ముద్ర అస్పష్టం.'

"సరిగ్గానే ఉంది సార్" అన్నాను.