అణా వంతు

మా ఓనరు మద్దిలేటి
బేతంచెర్ల బండల్లో పుట్టి, బండలమ్మి పైకొచ్చినోడు.
నిరుడు ఉగాది ముందర విమానం కొన్నాడు.
కొన్నాడంటే, అణా కొన్నాడు.

కాగితంలో పదహారో వాటా అని ఉంటే
ఖాతా నెత్తిన నేను
"విమానం, అణా" అని రాసినా.
ఆడిటరు నవ్వినాడు గానీ కొట్టేయలా.

నా పేరు సుంకన్న. పేరులోనే పన్ను.
ముప్పై ఏండ్లుగా బండల లెక్క రాస్తా ఉండా,
అడుగుకింత, లారీకింత, పగిలిందానికింత.
ఎగిరేదానికి లెక్క ఎట్ల రాయాలో
మొదటి బిల్లు వచ్చినాకనే నేర్చుకున్నా.

అణాకు మూడు కోట్లు. అది తలుపు తెరిసిన ఖర్చు.
ఎక్కినా ఎక్కకున్నా నెలకు ఐదు లక్షలు.
ఎక్కితే గంటకు రెండు లక్షలు.
ఓర్వకల్లుకు అది ఉత్తదే వస్తాది హైదరాబాదు నుంచి,
మనల్ని దించి ఉత్తదే పోతాది.
ఆ ఉత్తదానికీ అదే రేటు.
గాలికి బాడుగ కట్టేది యాడన్నా ఉందా సామీ అంటే
ఫోన్లో పిల్ల బో మర్యాదగా
"ఒప్పందం పదకొండో పేజీ చూడండి సార్" అనింది.
చూసినా. ఉంది.
ముహూర్తాల దినాల్లో ఒకటికి ఒకటిన్నర అని కూడా ఉంది,
ఆ పదహారు మందికీ ఆ పొద్దే పెండ్లి ఉంటాది కాబట్టి.

మా నాయినకు బాయిలో అణా వంతు ఉండేది.
పదహారు దినాలకొక రాత్రి నీళ్లు.
కందిలి పట్టుకొని గట్టు మీద కూచుంటే
అవతలి వంతోడు మొకం కడుక్కోకుండానే కొట్లాటకొచ్చేవాడు,
చుక్క చూసి చెప్పు పొద్దయిందో లేదో అని.
బాయి ఎండిన ఏడు కూడా
పూడిక తీసిన కూలిలో మా అణా మేం కట్టినాం.
నీళ్లు ల్యాకున్నా వంతు ఉంటాది రా అనేవాడు నాయిన.
ఆ మాట అర్థం కావడానికి నాకు
ఒక విమానం కావాల్సొచ్చింది.

మార్చి ఆఖర్న మొత్తం కూడినా.
నెలలవి అరవై లక్షలు.
ఓనరు ఎగిరింది పదకొండు గంటలు, ఇరవై రెండు.
ఉత్తది తిరిగింది తొమ్మిది గంటలు, పద్దెనిమిది.
కోటి.
పదకొండుతో భాగిస్తే గంటకు తొమ్మిది లక్షల చిల్లర,
నిమిషానికి పదిహేను వేలు.
పాలిష్ మిషను కాడ నిలబడే మాబుసాబుకు
నెలకు ఎంతిస్తామో నాకు తెలుసు, నేనే ఇస్తా.
ఆ రెండంకెలు పక్కపక్కన రాయలా.
పుస్తకంలో దానికి కాలమ్ ల్యాదు.

కాగితం చూసి మద్దిలేటి శానాసేపు మాట్లాడలా.
చెనిక్కాయ ఒకటి ఒలిచి, తినకుండా పక్కన పెట్టినాడు.
"అమ్మితే?"
ఐదేండ్లు కానిది అమ్మకూడదు.
అయినాక, ఆ పొద్దు ధర వాళ్లే కడతారు, అందులో కమీషను పోతాది.
"మీ నాయిన బాయి వంతు ఏం చేసినారు రా?"
ఎవరూ కొనలేదు సామీ. ఇంకా మాదే.

ఒక్కసారి నేనూ ఎక్కినా.
బెంగుళూరులో బ్యాంకోళ్లు, సంతకాలు,
దారిలో చదివి వినిపించాల.
చదివినా. కిందికి చూసిన మాట కూడా నిజమే.
కర్నూలు దాటినాక నేలంతా బొక్కలు,
క్వారీలు ఏవో బాయిలు ఏవో తెలియలా.

దిగేటప్పుడు సీటు సంచిలో చెయ్యి పెడితే
పసిపిల్ల సాక్సు ఒకటి.
పసుపుపచ్చది, మడమ కాడ నల్లగా.
పదైదు మంది వాటాదారుల్లో ఎవరిదో.
సూరత్తో, కోయంబత్తూరో. పేర్లు మాకు చెప్పరు,
అదీ ఒప్పందంలో ఉంది.

బాయి గట్టు మీద నాయిన తుండుగుడ్డ మరిచొస్తే
తెల్లారేలోపల వంతోడు తెచ్చి
వాకిట్లో ఇసిరి, రెండు తిట్లు తిట్టి పోయేవాడు.

సాక్సు నా టేబుల్ సొరుగులో ఉంది,
రబ్బరు స్టాంపు పక్కన.
ఇంకో దాని కోసం యాడో ఒక తల్లి
మంచం కింద ఎతుకుతా ఉంటాది.