నూనె డబ్బా

మొగల్తూరు బడిలో ఆయా మంగాయమ్మ
పసుప్పచ్చ మొక్కజొన్న నూకతో ఉప్మా వండేది.
నూనె డబ్బా మీద రెండు చేతులు
ఒకదాన్నొకటి పట్టుకుని.
ఇచ్చేది ఏదో, పుచ్చుకునేది ఏదో
ఎంత చూసినా నాకు తెలిసేది కాదు.

డెబ్బై ఒకటి డిసెంబరు.
ఆ దేశపు యుద్ధనౌక మన సముద్రంలోకి వస్తోందని
రేడియో చెప్పింది.
గంగరాజు మాస్టారు బొమ్మని గోడవైపు తిప్పేశారు.
మంగాయమ్మ మళ్ళీ ఇటు తిప్పింది:
"బెజ్జం ఈ మూలనుంది కదండీ, నూనెలా వంపను?"
తిట్టుకుంటూ తిన్నాం.
మారు పెట్టమన్నాం.

ఇప్పుడా డబ్బా నా రొయ్యల చెరువు గట్టున
మేత కొలిచే కుంచం.
చేతుల్ని తుప్పు తినేసింది,
ఒక బొటనవేలు మిగిలింది.

నిన్న కంపెనీ ఏజెంటు ఫోను:
"అక్కడ సుంకం పెంచేశారండి,
యాభై కౌంటుకి పాత రేటు రాదు."
పక్కనే పడాల ఏసు, వల దులుపుతూ,
"ఇంతకీ ఆళ్ళు మంచోళ్ళా కాదాండీ?"

నాలిక మీద ఆ నూక రుచి.
పలకలేదు.
డబ్బా నిండా మేత ముంచాను.
చెరువులో చల్లబోతూ
గుప్పెడు
వెనక్కి పోసుకున్నాను.