చివర వచ్చినవారి చోటు

తెల్లెర్వో మోకాలు మొరాయించింది,
అందుకని ఈసారి ఒక్కదాన్నే.
బస్సు డ్రైవరు దించేసి
"ఇక్కడేనా?" అని రెండుసార్లు అడిగాడు.
ఇక్కడే.
రోడ్డు పక్క మంచులో ఒక ఎర్ర కర్ర,
దాని వెనక పద్నాలుగు కిలోమీటర్ల ఏమీలేనితనం.

జనవరిలో లాప్‌లాండ్‌లో సూర్యుడు లేవడు.
మధ్యాహ్నం కాసేపు, దక్షిణాన, కొండ అంచున
ఎవరో తలుపు ఓరగా తీసి
లోపల దీపం ఉందని చూపించి
మళ్ళీ మూసేస్తారు.
ఆ సందు వెలుతురులోనే నడక.

కాళ్ళకింద స్కీలు కిర్రుమంటున్నాయి.
నడుముకు కట్టుకున్న సామాన్ల బండి
ఎగుడులో మొండి దూడలా వెనక్కి గుంజుతుంది,
దిగుడులో మడమలు పొడుస్తుంది.
మూడో కిలోమీటరు దగ్గర దానితో మాటలు మొదలయ్యాయి,
నాలుగో దగ్గర తిట్లు.

మైనస్ ఇరవై ఏడు.
రెప్పలు అతుక్కుపోతే
తొడుగు తీసి వేళ్ళతో విడదీయాలి,
ఆ వేళ్ళను చంకలో పెట్టి
వందదాకా లెక్కపెట్టాలి.
ఏటి దగ్గర కర్రతో మంచుగడ్డను తట్టాను,
కుండ కొనేముందు తట్టి చూసినట్టు.
ఖంగుమంది. రెండడుగులు.
ఖంగుమంది. ఇంకో రెండు.
ఒకచోట బొదబొదమంది.
అక్కణ్ణించి చుట్టు తిరిగి పోవడానికి
ఉన్న వెలుతురంతా ఖర్చయింది.

గుడిసె గొట్టంలో పొగ లేదు.
తలుపుకు అడ్డంగా నడుము లోతు మంచు.
తవ్వి, తోసి, తల వంచి లోపలికి వెళితే
బయటి చలి కన్నా పాత చలి,
పందొమ్మిది రోజులుగా ఎవరూ కదపనిది.

టార్చి పొయ్యి మీద పడింది.
భోజపత్రపు చుట్టలు, వాటిమీద సన్నటి పేళ్ళు,
పైన మూడు దుంగలు, ఊపిరాడేంత ఎడంతో.
పక్కనే అగ్గిపెట్టె, సగం తెరిచి,
ఒక్క పుల్ల మాత్రం తల బయటపెట్టుకుని.
కొయ్యబారిన వేళ్ళు పెట్టె తెరవలేవని
తెలిసిన వాళ్ళెవరో.

మంటయింది. గిన్నెనిండా మంచు కరిగిస్తే
అడుగున రెండువేళ్ళ నీళ్ళు.
మళ్ళీ నింపు. మళ్ళీ రెండువేళ్ళు.
సందర్శకుల పుస్తకంలో చివరి మాట ఓయ్వా అనే ఆయనది:
"గొట్టం కాస్త పొగ వదుల్తుంది.
ఎలుక ఉంది. మర్యాదస్తురాలు."

ఈ గుడిసెలకు తాళం లేదు, అద్దె లేదు.
ఒకటే నియమం:
చివర వచ్చినవారిదే మొదటి హక్కు.
ముందే వచ్చి, తిని, వెచ్చబడినవారు
చోటు చాలకపోతే లేచి బయటికి నడవాలి.
నేను ముప్పై ఒక్కేళ్ళు
ఉపాధి కార్యాలయం కౌంటరులో టోకెన్లు చించి ఇచ్చాను.
ముందు వచ్చినవారికి ముందు.
ఉదయం బస్సు దొరకని వాళ్ళ ముఖాలు
అద్దానికి అవతల ఎన్ని చూశానో
ఇక్కడ కూర్చుంటేగానీ లెక్కకు రాలేదు.

బల్ల మంచం మీద
పొయ్యివైపు ఖాళీ వదిలి, గోడవైపు పడుకున్నాను.
గోడకు మంచు పేరుకుని ఉంది. వీపు ఒప్పుకోలేదు.
అయినా అక్కడే.

రెండు గంటలప్పుడు అడుగుల చప్పుడు.
లేచాను, దుంగ వేశాను, తలుపు తీశాను.
ఆకాశంలో పచ్చ వెలుగులు ఆడుతున్నాయి, నిజమే,
నేను మాత్రం దారినే చూశాను.
నా స్కీల గీతలు రెండు, వచ్చేవి మాత్రమే.
దూరంగా సరస్సు మీద మంచుగడ్డ
నిద్రలో పళ్ళు నూరినట్టు మూలిగింది.
లోపలికొచ్చి చూస్తే
బల్లమీద రెండు కప్పులున్నాయి.
రెండోది ఎప్పుడు పెట్టానో గుర్తులేదు.

పొద్దున, పొద్దు లేని పొద్దున,
వాడినన్ని దుంగలు చీల్చాను, ఇంకో రెండు ఎక్కువ.
పేళ్ళు చెక్కాను, నావి లావుగా వచ్చాయి.
తెల్లెర్వో పంపిన కాఫీ పొట్లం అరలో పెట్టబోతే
ఒక మూల కొరికి ఉంది.
పుస్తకంలో రాశాను:
"హిల్కా, ఒక రాత్రి. గొట్టం సంగతి నిజం.
ఎలుక విషయంలో ఓయ్వాతో ఏకీభవించను."

అగ్గిపెట్టె సగం తెరిచి
ఒక పుల్లను గోరంత బయటికి లాగాను.
లోపలికి జారింది. మళ్ళీ లాగాను.

తలుపు మూసి గడియ వేస్తుంటే తెలిసింది,
లోపల చలి
మళ్ళీ పాతబడటం మొదలుపెట్టింది.