కండె

మత్రా రేవు వెనక మూడో సందు.
బోర్డు మీద అరబ్బీల ఏం రాసుందో ఇంకా చదవరాదు నాకు.
లోపల టేబుల్ ఫ్యాను, టంకం పొగ,
పదకొండేండ్ల సంది నేను.

టేప్‌రికార్డర్లు బాగుచేసేటోడు ఇంకెవడున్నడని
పక్క దుకాణం మలబారీ నవ్వుతడు.
నిజమే, ఫోన్ల గ్లాసులు మారిస్తేనే బువ్వ.
కానీ బేస్తారం బేస్తారం జువేనమ్మ వస్తది,
నల్ల అబాయా కిందికెల్లి పసుపుపచ్చ అంచు కనవడుకుంట.
చేతిల బిస్కెట్ల డబ్బా,
డబ్బా నిండ క్యాసెట్లు.

మొదటిసారి తెచ్చింది పేగులు బయటేసుకొని ఉన్నది.
పెన్సిలు దూర్చి తిప్పిన,
సిరిసిల్లల మా నాయిన కండె చుట్టినట్టు.
లాగితే తెగుతది, వదిలితే చిక్కువడతది,
నడుమ ఒక బిగువుంటది, వేలికి తెల్వాలె.
ఆమె నా వేళ్లే చూసింది, ముఖం చూడలే.
"పోలే పోలే" అన్నది. మెల్లగ, మెల్లగ.
ఈ దేశంల నేను నేర్చిన మొదటి మాట
ఈ దేశంది కాదు.

నొక్కిన.
ముందు ఇసుక రాలినట్టు చప్పుడు,
తర్వాత ఫిడేళ్లు, ఇరవై ఉంటయేమో,
ఒక్క ఇంటి ఆడిబిడ్డలందరు ఒక్కసారే మూతి తిప్పినట్టు.
రేకుల మీద వడగండ్ల లెక్క కానూను.
అటెన్క ఒక ఆడగొంతు, ఏ తొందరా లేనిది.

ఏం పాడుతున్నదని అడిగితే
జువేనమ్మ కిసుక్కున నవ్వింది.
"పొరుగామెను తిడుతున్నది."
పేరే లేదు కదా, అంత గులాబీ, లవంగం, పడవ!
"వినేదానికి తెలుసులే."
నోటు పట్టుకొని ఆడుకుంట లేచిపోయి
పాడేదాని చేతుల పెడుతరట, ఎదుట కూసున్నదాన్ని చూసుకుంట.
మా అవ్వ యాదికొచ్చింది,
కోడలిని అనాలంటే కోడిని తిట్టేది.
పాపం ఆమెకు ఫిడేళ్లు దొరకలే.

పసుపు బట్ట అంచు పొడుగునా అచ్చువోసిన మాటలు.
నేను నేతోన్ని,
అంచుల మీద హంసల చూసిన, నెమళ్ల చూసిన, సామెతను చూడలే.
ఏం రాసుందంటే
"నీకు కాదు. అది నా కోడలికి."

పాట ఇక్కడిదే అంటది ఒకనాడు,
ఇక్కడిది కాదంటది ఇంకోనాడు.
ఈశాన్యం గాలికి పడవెక్కి ఊదు పోయిందట, ఖర్జూరం పోయింది, తాతలు పోయిన్రు.
జాంజిబార్ల ఆ ఊదుకు ఇంకో నాలిక మొలిచింది.
నైరుతి గాలికి లవంగాలు వచ్చినయి.
"అరవై నాలుగుల ఏ గాలీ లేదు. అయినా వచ్చినం."
అంతే. ఆ సంగతి మళ్ల ఎన్నడు ఎత్తలే.

అప్పటికి ఆమెకు పదహారు. క్లబ్బుల వెనక వరుస, వంతపాట.
రేడియోవాళ్లు రీలు మీద పట్టిన్రు,
ఎవరో ఎన్నడో క్యాసెట్‌కు ఎక్కిచ్చిన్రు.
"ఇందులనే ఎక్కడో ఉన్న."

నడుమ గిటార్ల జమానా ఒకటి నడిచిందట దారెస్సలాంల,
మిల్లుకో బ్యాండు, పోలీసులకో బ్యాండు,
నెల జీతానికి పాడేటోళ్లు.
జీతం ఫస్టుకే పడేదా అని అడిగిన.
ఆమెకు నవ్వు రాలే.

మనుమడు నాసోర్ ఫోన్ల వేరే పాట,
కంప్యూటర్ డప్పు, పొట్టు ఎగిరినట్టు మాటలు.
"ఇందుల పొరుగామె ఏదిరా?"
"ఇప్పుడు ఆమె కూడ ఫోన్లనే ఉంటది బీబీ."

నిన్నటి బేస్తారం కాదు, మొన్నటి బేస్తారం,
డబ్బా అడుగుది, రెండో దిక్కు.
ఆపు, అన్నది. వెనక్కి. ఇంకా వెనక్కి.
వరుసంత ఒక్కటై లేచినచోట
ఒక గొంతు వెంట్రుకవాసి వెనకవడ్డది.
"అదిగో" అన్నది.
నాసోర్ ఫోన్ తీసిండు రికార్డు చేస్తనని. వద్దన్నది.
"క్యాసెట్ నీ దగ్గరనే ఉంచు. ఇంట్లయితే కోడలు వింటది."

రాత్రి శటరు సగం దించి ఒక్కసారి వేసుకుంట.
తెగిన పోగును ముడేసినచోట తగిలినట్టు
సరిగ్గ అక్కడ వేలికి తగుల్తది.
ఇయ్యాల ఆమె రాలే.
రేపు శుక్రవారం, దుకాణం బంద్.